మాడు మూసిన టోపీ

వెళ్ళిన టోపీ వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

అరుణశ్రీ చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచీలోంచి జిప్పు కవరు తీసి భోజనాల బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల పాలు పిండే మిషను గురక మొదలైంది. బాలనాగమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కవరు విప్పింది. లేత పసుపు నూలుతో తాను అల్లిన టోపీ, కమలాపండుకు తొడిగితే సరిపోయేంత టోపీ, నిన్న పెట్టిన మడత మీదే ఉంది. ఎవరూ తొడిగి చూసినట్టు లేదు. అసలు ఎవరికీ చూపించినట్టే లేదు.

"ఇచ్చుండదు," అనుకుంది. అనుకోవడమేమిటి, వంటింటి గట్టు దగ్గర నిలబడి పైకే అంది. మిషను మోతలో కోడలికి వినపడదని ఆమె ధీమా.

కోడలి మీద ఆమెకు పెద్ద కోపాలేమీ లేవు, చిన్నచిన్నవి మాత్రం చాలా ఉన్నాయి. బిడ్డ ఏడో నెలలోనే పుట్టేసిందని కబురు రాగానే నర్సాపురం నుంచి పడుతూ లేస్తూ వచ్చింది. వియ్యపురాలికి పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు కనుక పురుడు చూసుకునే పని ఈమె మీదే పడింది. తీరా వస్తే చూసుకోవడానికి ఇంట్లో పసిపిల్లేది? పిల్ల హాస్పిటల్లో అద్దాల పెట్టెలో ఉంది. ఆ వార్డులోకి తల్లినీ తండ్రినీ తప్ప మూడో మనిషిని రానివ్వరు. నాయనమ్మనని చెప్పుకున్నా, కొడుకు రమణ ఇంగ్లీషులో బతిమాలినా, అక్కడి సిస్టర్లు నవ్వుతూనే తల అడ్డంగా ఊపారు. చోవా చూ కాంగ్‌ అనే ఈ పరాయి దేశపు పేటలో, పదో అంతస్తు ఫ్లాటులో కూర్చుని, ఫోన్లో ఫోటోలను వేళ్ళతో పెద్దవి చేసుకుని చూడడమే ఆమెకు దక్కిన మనవరాలు.

అందుకే ఆ వార్డులో సిస్టర్ లిన్ అనే ఆవిడ, "నూలు టోపీ ఉంటే ఉతికి తీసుకురండి, తొడుగుతాం" అందని విన్న రోజున బాలనాగమ్మకు ప్రాణం లేచొచ్చింది. తాను వెళ్ళలేకపోతేనేం, తన చేతి అల్లిక వెళ్తుంది. పిల్ల తలను తన దారం తాకుతుంది. ఈ దేశాన్ని ఆమె అంతకన్నా ఏమీ అడగలేదు. అది కూడా దక్కలేదు.

అరుణశ్రీ సీసా పట్టుకుని బయటికొచ్చింది. అడుగున పాలు వేలు మందం కూడా లేవు. సీసాకు చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు మూసి, ఆ తలుపునే చూస్తూ నిలబడింది.

"టోపీ ఇవ్వలేదా?" అంది బాలనాగమ్మ.

"ఇచ్చానండి. సిస్టర్ వద్దంది."

"ఏం? రంగు నచ్చలేదా దొరసానికి?"

"నడుమ కన్నం ఉందట అత్తయ్యగారూ. కన్నం ఉంటే తొడగరట."

"కన్నం ఉండక? కావాలని వదిలేనే అది! మాడు దగ్గర. పసిగుడ్డు మాడు ఎవరన్నా మూసేత్తారా? రేపు ఆముదం ఎక్కడ పెడతాం? గాలెక్కడాడుద్ది? మా రమణకీ అలాగే అల్లేను, మా ఆడపడుచు పిల్లలకీ అలాగే అల్లేను. ఎవరి మాడుకీ ఏమీ అవలేదే!"

"అక్కడ ఆముదాలూ అవీ పెట్టనివ్వరండి. పాపకి వేడి నిలవకపోవడమే మెయిన్ ప్రాబ్లం. తలలోంచే హీట్ అంతా పోతుందట. వైర్లు కూడా ఉన్నాయి కదా, వేలో వైరో ఆ కన్నంలో ఇరుక్కుంటే..." అరుణశ్రీ మాట పూర్తి చేయలేదు. ఈ మధ్య ఆమె ఏ మాటా పూర్తి చేయడం లేదు.

నర్సాపురం లేసులో ఏ పువ్వుకైనా నడుమ కన్నం ఉండాల్సిందే. నాలుగు గొలుసు కుట్లు వేసి, చివరిదాన్ని మొదటిదానికి కలిపితే చిన్న గుండ్రం వస్తుంది. ఆ గుండ్రంలోకి కొక్కెం సూది దింపి చుట్టూ కుట్లు వేసుకుంటూ పోతే పువ్వు విచ్చుకుంటుంది. బల్ల గుడ్డయినా, దిండు గలీబయినా అదే మొదలు. బాలనాగమ్మ అల్లికకు ఆ ఊళ్ళో ఒక పేరుంది. ఆమెది బిగువు చెయ్యి. దారాన్ని చిటికెన వేలికి రెండు మెలికలు చుట్టి పట్టుకుంటుంది. ఆమె వేసిన కుట్టులో గుండుసూది దూర్చాలన్నా కాస్త ఆలోచించాలి. సరుకు కొనే షావుకారు కుప్పలోంచి ఆమె పువ్వును చూడకుండానే, తడిమి చెప్పేవాడు.

"కన్నం లేని అల్లిక ఎక్కడుంటదో చూపించమనరా," అని సాయంత్రం వన్-నార్త్‌ అనే చోట ఆఫీసు ముగించుకుని వచ్చిన కొడుకును గుమ్మంలోనే నిలదీసింది.

"అమ్మా, అది లేసు కాదమ్మా, టోపీ," అన్నాడు రమణ, బూట్లు విప్పుకుంటూ.

ఆ మాట నిజం. నిజం కనుకే ఆమెకు మరింత ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే లేచి, ఆ కన్నాన్ని సూదీ దారంతో కుట్టేసింది. చుట్టూ ఉన్న కుట్ల అంచులను ఒక్కొక్కటే పట్టి, లోపలికి లాగి, ముడి మీద ముడి వేసి బిగించింది. కన్నం కనబడకుండా పోయింది. టోపీ తలకిందులు చేసి కొడుకు ముఖం ముందు ఊపి, "ఇప్పుడేమంటదో చూత్తా మీ సిస్టరు," అంది. మళ్ళీ ఉతికి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, కవర్లో పెట్టి కోడలి చేతికిచ్చింది. అరుణశ్రీ కవరునూ అత్తగారినీ మార్చి మార్చి చూసి, పాల సీసాలు సర్దుకుని బస్సుకు వెళ్ళింది.

ఆ పూట బాలనాగమ్మకు కాళ్ళు ఒకచోట నిలవలేదు. తుడిచిన గట్టునే తుడిచింది. ఫోటో వస్తుందేమోనని ఫోను ఒళ్ళో పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలిచింది. పసుపు టోపీలో ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంది. పుట్టినప్పుడు రమణకు నుదురు పెద్దది. ఈ పిల్లకూ అదే నుదురైతే టోపీ ఎక్కడిదాకా వస్తుందో చిటికెన వేలితో తన నుదుటి మీదే కొలుచుకుంది. మధ్యాహ్నం దాటింది. ఫోటో రాలేదు. కవరు వచ్చింది.

"లోపల వేలు పెట్టి చూసిందండి," అంది అరుణశ్రీ, సోఫా అంచున కూర్చుని. "ముడి గట్టిగా తగులుతోందట. పాప స్కిన్ కాగితంలా ఉంటుంది కదా, ఒత్తుకుంటే లేచిపోతుందట. సారీ చెప్పమంది. అల్లిక చాలా బాగుందని కూడా అంది."

"ఆ సర్టిఫికెట్టు నాకెందుకు!" అంటూ బాలనాగమ్మ కవరును బల్ల మీదికి విసిరింది. "తొడగనిదానికి బాగుందంటే ఎంత, బాగోలేదంటే ఎంత? నువ్వన్నా గట్టిగా అడగొచ్చు కదే. తల్లివి! నోరిప్పవేం?"

అరుణశ్రీ ముఖం ఎర్రబడింది. లేచి గదిలోకి వెళ్ళింది. మిషను మళ్ళీ మొదలైంది. బాలనాగమ్మకు తన నోరు తనకే చేదుగా అనిపించింది గానీ, వెనక్కి తీసుకునే మాటలు ఆమెకు ఎప్పుడూ త్వరగా దొరకవు.

రాత్రి భోజనాలయ్యాక రమణ తల్లి ముందు ఫోను నిలబెట్టాడు. ఫోన్లో ఎవరో తెల్లమ్మాయి, రెండు చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి, గోళ్ళకు నీలం రంగు. "ఇదిగో అమ్మా, కన్నం లేకుండా గుండ్రంగా మొదలుపెట్టే పద్ధతులట. ఇది రెండు గొలుసుల పద్ధతి, ఇది మ్యాజిక్ రింగు. ఒక్క నిమిషం వీడియో. నువ్వు చూస్తే చాలు, నీకిదో లెక్కా?"

"నాకా? ఆ పిల్ల సూది పట్టుకోవడం చూడు, గరిటె పట్టుకున్నట్టుంది," అంది బాలనాగమ్మ. అన్నా, చూసింది.

మర్నాటి పొద్దంతా ఆ రెండు పద్ధతులతోనే గడిచింది. ముందు రెండు గొలుసులది పట్టింది. నాలుగు గొలుసులకు బదులు రెండే వేసి, మొదటి గొలుసు కంటిలోకే కుట్లన్నీ దింపాలి. అది ఆమెకు చిటికెలో పని. చూస్తే నడుమ చుక్కంత కూడా సందు లేదు. ఇంత తేలికదానికా రెండు రోజులు ఏడ్చాను అనుకుని, రెండు వరసలు అల్లి, దాన్ని ఫ్రిజ్‌లోని కమలాపండు మీద పెట్టి సాగదీసింది. అన్ని కుట్లూ ఒకే గొలుసు కన్నును నాలుగు వైపులా లాగేసరికి ఆ కన్ను తెరుచుకుంది. చిటికెన వేలి కొన దూరేంత కన్నం. దీన్ని పంపితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. విప్పేసింది.

ఇక మిగిలింది మ్యాజిక్ రింగు. దారాన్ని వేళ్ళ చుట్టూ ఒక ఉచ్చులా వేసి, ముడి వేయకుండా, ఆ ఉచ్చులోకి కుట్లు వేయాలి. దారం కొస కూడా ఆ కుట్ల లోపలే ఉండాలి. కుట్లయ్యాక కొస పట్టుకుని లాగితే ఉచ్చు మూసుకుని, కుట్లన్నీ నడుమకు చేరి, కన్నం మాయమవుతుంది. ఫోన్లోని నీలం గోళ్ళ పిల్ల లాగగానే సర్రున మూసుకుంది. బాలనాగమ్మ లాగితే కదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. కొస వేలిని కోసింది గానీ ఉచ్చు వెంట్రుకవాసి కూడా జరగలేదు.

కొస మీద కాకుండా పక్కన కుట్టానేమోనని విప్పి మళ్ళీ వేసింది. కుట్లు సరిగ్గానే ఉన్నాయి. లాగింది. సగం దాకా వచ్చి, బండరాయికి తగిలినట్టు ఆగిపోయింది. దారం గరుకుది కొన్నారు అంది. సూది లావుదంది. బల్ల ఎత్తుగా ఉందంది, పంకా గాలికి దారం ఆరిపోతోందంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంట్లో ఉన్న వస్తువులన్నిటికీ వంక పెట్టాక, దారం ఉండ తీసుకుని లిఫ్టులో కిందికి దిగింది. బ్లాకు కింద ఖాళీ జాగాలో, వాయిడ్ డెక్ అంటారు, రాతి బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. పక్క ఫ్లాటు మలాయ్ ఆవిడ కూరగాయల సంచీతో అటుగా వెళ్తూ ఆగి, బల్ల మీదున్న ఉచ్చుల కుప్పను చూసి, "వా, ఆంటీ, వెరీ నైస్ లా!" అని మెచ్చుకుంది. పాడైపోయినవాటిని మెచ్చుకుంటే ఎంత మంటగా ఉంటుందో ఆ మంచి మనిషికి ఏం తెలుసు? బాలనాగమ్మ పళ్ళు కనబడేలా నవ్వి, ఆవిడ లిఫ్టెక్కాక ఆ ఉచ్చులన్నిటినీ ఒక్క గుప్పిట్లో పట్టి చెత్తడబ్బాలో పడేసింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదది, ఉక్రోషం. నలభై ఏళ్ళు తిండి పెట్టిన వేళ్ళు, పెళ్ళి చూపుల్లో ముఖం కన్నా ముందు ఈ వేళ్ళనే చూశారు, అవి గుండ్రంగా ఒక్క ఉచ్చు బిగించలేకపోతున్నాయి. చెవి మెలేసి పని నేర్పినట్టు తన వేళ్ళను తానే గిచ్చుకుంది.

ఆ మరుసటి రోజు ఉదయం అరుణశ్రీ స్నానానికి వెళ్ళింది. ఉతికిన గుడ్డలు మడతపెట్టి ఇద్దామని బాలనాగమ్మ గదిలోకి అడుగుపెట్టింది. మంచం పక్క బల్ల మీద మిషను, దాని గొట్టాలు, మరిగించి బోర్లించిన సీసాలు. వాటి మధ్య, కాగితపు రుమాలు మీద, పసుపు దారంతో అల్లిన బిళ్ళ ఒకటి.

చేతిలోకి తీసుకుంది. రెండు వరసలే ఉన్నాయి. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి. ఒక చోట దారం రెండు పాయలుగా చీలిపోయి, ఒకే పాయలోంచి సూది దూరింది. కుట్టుకూ కుట్టుకూ మధ్య చీమల బారు నడిచిపోవచ్చు. లేసు పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు మొదటి వారం ఇలాంటివే తెచ్చి చూపించేవాళ్ళు. అప్పుడేం చేసేదో ఇప్పుడూ అదే చేసింది. ఆలోచించి చేసిన పని కాదు. పాడు అల్లిక చేతికి తగిలితే ఆమె వేళ్ళు వాటంతటవే కొస వెతుక్కుంటాయి. చివరి కుట్టు పట్టి లాగింది. పైవరస సర్రున ఊడింది, కిందివరస ఊడింది, ఉచ్చు జారిపోయింది. బారెడు దారం, వంకర్లు తిరిగి ఆమె చేతిలో మిగిలింది.

అప్పుడు గానీ తట్టలేదు. దాని నడుమ కన్నం లేదు.

గుమ్మంలో అరుణశ్రీ, తలకు తువ్వాలు చుట్టుకుని. "విప్పేశారా?"

"అల్లికటే అది? వల. చేపలు పట్టుకోవచ్చు దాంతో." బాలనాగమ్మ గొంతు ఆమె అనుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది. "నేర్చుకోవాలంటే నన్నడగొచ్చుగా. ఇంట్లో ఉన్నాను కదా?"

"అది మూసుకుందండి." అరుణశ్రీ వచ్చి మంచం మీద కూర్చుంది. ఈసారి ఆమె మాట మధ్యలో ఆగలేదు. "లాగితే మూసుకుంది. మీకెలా చెప్పను? చిన్నప్పటి నుంచి నేను పట్టిన పని ఏదీ చెడలేదు అత్తయ్యగారూ. చదువు, తంజోంగ్ పగార్‌లో ఉద్యోగం, అన్నీ చక్కగా చేశాను. పాప దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ చేతకావట్లేదు. నెలలు నిండేదాకా మొయ్యలేకపోయాను. పాలు చూస్తున్నారుగా, సీసా అడుగు కూడా తడవట్లేదు. నా కూతుర్ని నేను ముట్టుకోవాలంటే ఇంకొకళ్ళని పర్మిషన్ అడగాలి. మీరేమో నోరిప్పవేం అంటారు. ఏమని విప్పను? నిన్న మిషను పెట్టుకుని వీడియో చూసి ఊరికే వేశాను. కొస లాగితే మూసుకుంది. నాకెంత... దాన్ని రాత్రి రెండుసార్లు లేచి చూసుకున్నాను. అదొక్కటే సరిగ్గా అయ్యింది నాకు. అదీ విప్పేశారు."

ఏడవలేదు. తువ్వాలు విప్పి, తడి జుట్టు తుడుచుకుంటూ గోడ వైపు తిరిగింది. బాలనాగమ్మ చేతిలో వంకర దారం పట్టుకునే, మడతపెట్టిన గుడ్డలు మంచం మీద పెట్టి బయటికొచ్చేసింది. కోడలు ఇచ్చుండదనుకున్న మొదటి రోజు గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. తన టోపీ తిరిగొచ్చిందనే ఇన్నాళ్ళూ గింజుకుంది. దాన్ని రెండుసార్లు మోసుకెళ్ళి, వద్దనిపించుకుని, మోసుకొచ్చిన మనిషి ముఖం ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు.

క్షమించమని అడగడం ఆమెకు రాదు. వంటింట్లోకి వెళ్ళి వెల్లుల్లి కారం దంచింది. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి, పళ్ళెం తెచ్చి కోడలి ముందు పెట్టింది. అరుణశ్రీ తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని కిటికీలోంచి ఎదుటి బ్లాకు వసారాల్లో వెదురు గడల మీద ఆరేసిన బట్టలను చూసింది. పళ్ళెం ఖాళీ అయ్యాక తీసి పక్కన పెట్టి, సూదీ దారం ఉండా బల్ల మీద ఉంచింది.

"ఎలా వేసేవో చూపించు."

"మీకు నేను చూపించేదేంటండీ!"

"చూపించమన్నాను."

అరుణశ్రీ దారం తీసుకుంది. రెండు వేళ్ళ చుట్టూ వేసింది, జారింది, మళ్ళీ వేసింది. సూది కిందనుంచి దూర్చి దారం అందుకుని పైకి లాగింది. నాలుక కొన పంటి కింద పెట్టుకుని ఒక్కో కుట్టూ వేస్తోంది. బాలనాగమ్మ ఆ పిల్ల కుడిచేతిని చూడలేదు, ఎడమచేతిని చూసింది. దారం చిటికెన వేలికి చుట్టి లేదు. అసలు ఏ వేలికీ చుట్టి లేదు. పట్టుకోవడం తెలియక వదిలేసింది. ఒళ్ళో ఉన్న ఉండ నుంచి దారం ఎలా వస్తే అలా వస్తోంది. అందుకే కుట్లు వదులుగా కూర్చున్నాయి, వాటి లోపల కొసకు చోటుంది. అరుణశ్రీ లాగింది. సర్రున మూసుకుంది.

తన ఉచ్చు ఎందుకు కదల్లేదో బాలనాగమ్మకు తెలిసిపోయింది. ఆమె వేసిన ప్రతి కుట్టూ లోపలున్న కొసను పీక పట్టినట్టు పట్టేసింది. ఏ బిగువుకు ఊరంతా మెచ్చుకుందో ఆ బిగువే అడ్డం పడింది.

"ఏదీ, ఇలా ఇయ్యి," అని తీసుకుంది. చిటికెన వేలిని మడిచి పెట్టుకుని, దారం చుట్టకుండా వేయబోయింది. రెండో కుట్టుకే ఆ వేలు దానంతటది లేచి దారానికి మెలిక పెట్టేసింది. విప్పింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అదే. ఇంకోసారి వేసి, లాగి, ఉచ్చు మొరాయించగానే సూదిని బల్ల మీద ఠప్పున పెట్టింది.

"నా చెయ్యి నా మాట వినట్లేదే," అంది. ఆ మాట ఒక మనిషి ముందు అనాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అరుణశ్రీ నవ్వలేదు. "పోనీ నేను ఇంకోటి వేస్తాను. ఆ తర్వాత వెడల్పు ఎలా పెంచాలో నాకు తెలీదు. నిన్నటిది అక్కడే ఆగిపోయింది."

"నువ్వు రెండు వరసలు అల్లి నాకియ్యి. తర్వాతది నేను చూసుకుంటా."

చెప్పడం తేలికే. అరుణశ్రీ రెండు వరసలు పూర్తి చేసి ఇచ్చాక, ఆ బిళ్ళను పట్టుకుని బాలనాగమ్మ సూది దింపడానికి వెనకాడింది. నర్సాపురంలో వాళ్ళ వీధిలో ఒకరు మొదలుపెట్టిన పువ్వును మరొకరు ముట్టుకోరు. జ్వరం వచ్చినా, పురుడొచ్చినా, పువ్వు అలాగే పెట్టెలో ఉంటుంది గానీ పక్కింటావిడకు ఇవ్వరు. చెయ్యి మారిందంటే అల్లిక మారుతుంది, మారిన చోటు తెలిసిపోతుంది, షావుకారు తీసి పక్కన పడేస్తాడు. ఈ వదులు బిళ్ళ చుట్టూ తన బిగువు కుట్లు వేస్తే మూడో వరసకే అంచు ముడుచుకుని గిన్నెలా లేస్తుంది. తన చెయ్యి కోసం కోడలి మొదలు మారదు. మారాల్సింది తన చెయ్యే.

చిటికెన వేలిని చేతిరుమాలుతో ఉంగరపు వేలికి కట్టేయమంది. అరుణశ్రీ కట్టింది. అలా కట్టేసిన చేత్తో, దారం ఎటు పోతే అటు పోనిస్తూ, బాలనాగమ్మ మూడో వరస మొదలుపెట్టింది. సూది దూర్చిన ప్రతిసారీ ఆమెకు చిరాకు పుట్టింది. ఎదురుగా వదులుగా కూర్చున్న కుట్టును చూస్తూ దాన్ని బిగించకుండా వదిలేయడం, ముఖం మీద వాలిన ఈగను తోలకుండా ఊరుకోవడం లాంటిదే. ఒక్కోసారి ఉండబట్టలేక బిగించేసేది. పక్కనుంచి అరుణశ్రీ, "అత్తయ్యగారూ, టైట్ అయ్యింది," అనేది. "తెలుసులేవే," అని విసుక్కుంటూ విప్పేది. మధ్యలో మిషను టైమయ్యిందని అరుణశ్రీ లేస్తే, "ఇక్కడే పెట్టుకో, నేనేం చూడనులే, ఎక్కడ బిగిత్తానో చూసేవాళ్ళు కావాలిగా," అంది. మిషను గురక పక్కన పెట్టుకుని ఇద్దరూ మధ్యాహ్నమంతా కూర్చున్నారు. నర్సాపురంలో పదేళ్ళ పిల్ల గంటలో అల్లేసే టోపీ. రమణ ఇంటికొచ్చేసరికి అంచు వరస ఇంకా మిగిలే ఉంది. అతను వీళ్ళిద్దరినీ, కట్టేసిన వేలినీ చూసి, అన్నం తానే వడ్డించుకున్నాడు.

టోపీ అయ్యాక బాలనాగమ్మ దాన్ని బోర్లించి, నడినెత్తిన బొటనవేలితో ఒత్తి చూసింది. కన్నం లేదు, ముడి లేదు. కొసను మూడు దిక్కులా తిప్పి కుట్ల లోపలికి పోనిచ్చింది, ఎంత లాగినా ఇక ఊడదు. "ఆముదం ఇంటికొచ్చేక పెడతాలే," అంది. ఎవరితో అన్నదో తెలియలేదు.

టోపీ ఉతికి ఆరేసరికి ఒక రోజు పట్టింది. ఆ తర్వాతి ఉదయం అరుణశ్రీ పట్టుకెళ్ళింది. బాలనాగమ్మ ఈసారి ఫోనును ఒళ్ళో పెట్టుకోలేదు. పెట్టుకుంటే మళ్ళీ కవరే వస్తుందని భయం. వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంచి, అటు చూడకుండా గోంగూర వలుస్తూ కూర్చుంది. మోగింది. మోగిన తీరు చూస్తే మామూలు కాల్ కాదు, బొమ్మ కనబడే కాల్.

తడి చేత్తోనే నొక్కింది. ముందు నీలం మాస్కు, దాని పైన నవ్వుతున్న రెండు చిన్న కళ్ళు. "హలో ఆంటీ! ఐ యామ్ సిస్టర్ లిన్. వన్ మినిట్ ఓన్లీ హా." ఫోను కదిలింది. గొట్టాలు, ఒక పచ్చ దీపం, అద్దం అంచు. తర్వాత అద్దం పక్కకు జరిగి, అక్కడ పిల్ల.

ఫోటోలో ఎప్పుడూ నిద్రపోతూనే ఉండేది. ఇప్పుడు కదులుతోంది. రొమ్ము పిచ్చుక గుండెలా ఎగిరెగిరి పడుతోంది. చిన్న పెదవులు విప్పి, ఆవలించి, ఆవలింత సగంలో మరిచిపోయి, కాలు ఒకటి తన్నింది. బాలనాగమ్మ ఫోనును ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. పిల్ల ముక్కు రమణది కాదు. అరుణశ్రీది.

"సో నైస్, ఆంటీ! నో హోల్ ఆల్రెడీ," అంది సిస్టర్ లిన్ గొంతు. "యూ మేడ్ దిస్, ఈజ్ ఇట్?"

ఇన్ని రోజులుగా బాలనాగమ్మ ఎదురుచూసిన ప్రశ్న అదే. ఇంగ్లీషులో ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకుని పెట్టుకుంది.

"నో సిస్టర్," అంది. "బేబీ మదర్. బేబీ మదర్ మేడ్."

అద్దం అవతల నుంచి అరుణశ్రీ, "కాదు సిస్టర్..." అంటుండగానే, "నువ్వూరుకోవే, నన్ను పిల్లని చూసుకోనీ," అని కసిరింది. ఫోను కాసేపు అలాగే పిల్ల మీద నిలిచి ఉంది. తర్వాత సిస్టర్ లిన్ చెయ్యి ఊపింది, బొమ్మ ఆగిపోయింది.

సాయంత్రం రమణ బూట్లయినా విప్పకుండా వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు. "వీడియో కాల్ చేయించారట కదా! ఎలా ఉందమ్మా టోపీ? సరిపోయిందా? నుదురు మీదికి దిగిపోలేదు కదా?"

బాలనాగమ్మ గోంగూర కాడలు పక్కకు నెట్టి, గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఆవలింత గుర్తొచ్చింది. కాలు గుర్తొచ్చింది.

"టోపీయా?" అంది. "చూళ్ళేదురా."